మీకు తెలుసా? తొలినాటి జాంబీ ఎవరినీ కరవలేదు

ఇప్పటి సినిమాల్లో జాంబీ కరుస్తుంది, కరిచినవాళ్లను తనలా మార్చేస్తుంది. తొలి కథల్లోని జాంబీ ఆ జోలికే పోలేదు. చెప్పిన పని చేసింది, అంతే. భయమంతా ఆ పనిలోనే ఉంది.

• జాంబీ పుట్టిల్లు కరీబియన్ దీవుల్లోని హైతీ. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో దాని పేరు సాన్-డొమాంగ్. 1789 నాటికి అక్కడి చెరకు, కాఫీ తోటల్లో దాదాపు 5 లక్షల మంది బానిసలు ఉండేవారు. చనిపోతే ఆత్మ 'గినే'కి, అంటే పూర్వీకుల ఆఫ్రికాకు చేరుకుంటుందని వాళ్లు నమ్మేవారు. చావు ఒక్కటే విడుదల అనుకున్నవాణ్ణి మళ్లీ లేపి, అదే తోటలో చెరకు నరికిస్తే? అంతకు మించిన నరకం వాళ్ల ఊహకు అందలేదు. బానిసలు 1791లో తిరగబడ్డారు, 1804లో స్వతంత్ర దేశం సాధించుకున్నారు. ఆ భయం మాత్రం కథల్లో మిగిలిపోయింది.

• 1697లోనే ఒక ఫ్రెంచి నవల పేరులో 'జాంబీ' ఉంది. గ్వాడెలూప్ దీవిలో నడిచే ఆ కథలో జాంబీ నడిచే శవం కాదు, కంటికి కనబడని దయ్యం.

• జాంబీని అమెరికా పాఠకుల ఇళ్లకు చేర్చింది రచయిత విలియం సీబ్రూక్ 1929లో రాసిన 'ది మ్యాజిక్ ఐలాండ్' అనే పుస్తకం. అప్పటికి హైతీ అమెరికా సైన్యం చేతుల్లో ఉంది (1915 నుంచి 1934 దాకా). రోడ్లు వేయడానికి సైనికులు రైతులను పట్టుకెళ్లి వెట్టి చేయించారు. దాని మీద తిరుగుబాటు లేచింది, నాయకుడు షార్లమాన్ పెరాల్ట్‌ను 1919లో చంపేశారు. ఈ నేపథ్యాన్ని మనసులో పెట్టుకుని సీబ్రూక్ విన్న కథ చదవండి: ఒక మేస్త్రీ చచ్చినవాళ్లను లేపి, హైతీలోని అమెరికన్ చక్కెర కంపెనీ తోటల్లో కూలికి పెడతాడు. కూలి డబ్బులు అతని జేబులోకే. జాంబీలకు ఉప్పు పెట్టకూడదని నియమం. మేస్త్రీ భార్య జాలిపడి వాళ్లకు తీపి పట్టీలు కొనిపెడుతుంది. వాటిలోని గింజలకు ఉప్పు తగిలి ఉంటుంది. నాలుకకు ఆ రుచి తగలగానే తాము చచ్చామని వాళ్లకు తెలిసిపోతుంది, సొంత ఊరి శ్మశానం వైపు నడక మొదలుపెడతారు. విదేశీ కంపెనీ కింద వెట్టి బతుకు గురించి ఇంత సూటిగా చెప్పిన కథ నాకు ఇంకొకటి కనబడలేదు.

• తొలి పూర్తి నిడివి జాంబీ సినిమాగా చెప్పుకునే 'వైట్ జాంబీ' 1932లో వచ్చింది. అమెరికాలో ఆర్థిక మాంద్యం, దాదాపు నలుగురు కార్మికుల్లో ఒకరికి పనిలేని కాలం. ఈ సినిమాలో నటుడు బేలా లుగోసీ చక్కెర మిల్లు యజమాని. తన జాంబీ కూలీలకు ఎన్ని గంటలు చేయించినా పట్టింపు ఉండదని ఇంకో తోట యజమానికి చెబుతాడు. ఒక జాంబీ చెరకు గానుగలో పడిపోయినా మిగతావాళ్లు తల తిప్పరు, గానుగ ఆగదు. ఉద్యోగం పోయినవాళ్లకూ, పోతుందేమోనని బిక్కుబిక్కుమంటున్నవాళ్లకూ ఆ దృశ్యాన్ని విడమరచి చెప్పాల్సిన పనిలేదు. అయితే సినిమా కన్నీళ్లన్నీ జాంబీగా మారిన ఒక తెల్ల యువతి కోసమే. నల్ల కూలీల బతుకు దానికి వెనక తెర మాత్రమే. బానిసల భయాన్ని యజమానుల జాతి తన భయంగా మార్చుకుంది, ఇది నాకు మింగుడుపడదు.

• రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి జాంబీ యజమాని కూడా మారాడు. 1943 నాటి 'రివెంజ్ ఆఫ్ ది జాంబీస్'లో నాజీ శాస్త్రవేత్త శవాలతో సైన్యం తయారుచేస్తాడు. అదే ఏడాది వచ్చిన 'ఐ వాక్డ్ విత్ ఎ జాంబీ' మాత్రం బానిసత్వాన్ని మరిచిపోలేదు. అందులో తోట యజమాని ఇంటి ఆవరణలోని విగ్రహం, ఒకప్పుడు బానిసలను తెచ్చిన ఓడ ముక్కు మీద ఉన్నదే.

• 1968లో దర్శకుడు జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'తో జాంబీకి యజమానే లేకుండా పోయాడు, మనుషులను తినడం మొదలైంది. రాత్రంతా జాంబీలతో పోరాడి బతికిన నల్లజాతి కథానాయకుణ్ణి తెల్లారాక గాలింపు బృందంలోని తెల్లవాళ్లు కాల్చేస్తారు. ఆ పాత్రను నల్లజాతివాడి కోసమని రాయలేదు. పరీక్షలో బాగా నటించాడని డ్వేన్ జోన్స్‌ను తీసుకున్నామని రొమేరో చెప్పేవారు. కానీ నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన ఏడాదే అది తెరమీదికొచ్చింది, ఆ ముగింపును చాలామంది ప్రేక్షకులు ఆ హత్యతో కలిపే చూశారు.