తోలు జర్కిన్ కొంటున్నారా? గుర్తులు కాదు, తోలు చూడండి

చలికాలం వస్తే పట్టణాల్లోని బట్టల దుకాణాల ముందు జర్కిన్లు వేలాడుతుంటాయి. మన వాడుకలో జర్కిన్ అంటే పొడుగు చేతులు, జిప్పు ఉన్న కోటు. కాని బ్రిటిష్ సైన్యం వాడిన తోలు జర్కిన్‌కు చేతులే లేవు. యూనిఫారం మీద తొడుక్కునే చేతుల్లేని కోటు అది. పాత మిలటరీ ఫ్యాషన్ పేరుతో ఈ రకం ఇప్పుడు మళ్లీ అమ్ముతున్నారు.

తెల్లవారుజామున మోటారు సైకిళ్లపై పాలు, కూరగాయలు తీసుకువెళ్లే వారికి ఇది పనికివచ్చేదే. ఛాతీకి చలిగాలి తగలనివ్వదు. చేతులకు అడ్డం రాదు. అయితే అసలైన తోలుది చవకగా రాదు. కొనేముందు కొన్ని సంగతులు తెలుసుకోవడం మంచిది.

కందకాల్లో అవసరం

1914 చలికాలంలో ఫ్రాన్స్ కందకాల్లోని బ్రిటిష్ సైనికులకు మేకతోలు కోట్లు ఇచ్చారు. బొచ్చుతో ఉన్న ఆ కోట్లు వానకు, బురదకు నాని బరువెక్కేవి. కంపు కొట్టేవి. వాటి స్థానంలో తోలు జర్కిన్ వచ్చింది. పైన గోధుమరంగు తోలు, లోపల ఉన్ని కంబళి గుడ్డ, ముందు పెద్ద గుండీలు. మట్టి తవ్వాలన్నా, బండి తోలాలన్నా చేతులు సులువుగా ఆడేవి. 1939-45 యుద్ధంలోనూ దీనిని వాడారు. యుద్ధం ముగిశాక మిగులు సరుకుగా అమ్మితే బ్రిటన్‌లో బొగ్గు మోసే కూలీలు సైతం వేసుకున్నారు.

ఆనాటి సైనిక తోలుతో మనకూ సంబంధం ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనివి. ఆ రాష్ట్రంలో తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్లు లండన్‌కు ఎగుమతి అయ్యేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో వాటిని సైనికుల బూట్ల పైభాగాలకు వాడారు.

పాతదైతే...

బ్రిటిష్ ప్రభుత్వ సామగ్రిపై బాణం ములికి గుర్తు ఉండేది. ఆ గుర్తు చూసి మోసపోరాదు. ముద్ర ఎవరైనా వేయగలరు. తోలును చేత్తో రుద్ది చూడాలి. ఎర్రటి పొడి రాలితే ఆ తోలు చచ్చిపోయినట్లే. ఎంత నూనె పట్టించినా తిరిగి బలం రాదు. చంకల దగ్గర, గుండీల కాజాల దగ్గర చిరుగులు చూడాలి. అతుకులు ఉన్నంత మాత్రాన లోపం కాదు. తోలు వృథా కాకుండా ముక్కలు కలిపి కుట్టడం ఆనాడు మామూలే.

కొత్తదైతే...

రెగ్జిన్‌ను తోలని అంటగట్టే వారున్నారు. కుట్టని అంచు కనిపించే చోట చూడాలి. తోలైతే పీచుపీచుగా ఉంటుంది. రెగ్జిన్ అయితే పూత వెనుక నేతగుడ్డ కనిపిస్తుంది. ‘జెన్యూన్ లెదర్’ అనే చీటీ ఒక్కటే చాలదు. తోలు కింది పొరను విడదీసి, పైన ప్లాస్టిక్ పూత వేసిన దానికీ ఆ పేరు పెడుతుంటారు. కొన్నాళ్లకు ఆ పూత పెచ్చులూడుతుంది.

స్వెట్టర్ మీద తొడిగి సైజు చూసుకోవాలి. చేతులు ముందుకు చాచినప్పుడు చంకల్లో బిగుతు ఉండరాదు. కూర్చుంటే కోటు మెడకు ఎగదన్నకూడదు. ఉన్ని అస్తరు మన ఎండకు ఎక్కువ రోజులు ఓర్చుకోలేం. నూలు అస్తరు మేలు. గుండీ వెనుక చిన్న తోలు ముక్క వేసి కుట్టి ఉంటే తోలు చిరగదు.

వానాకాలంలో జాగ్రత్త

తడిస్తే నీడలో, గాలికి ఆరబెట్టాలి. ఎండలోగాని, పొయ్యి దగ్గరగాని పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచితే బూజు పడుతుంది. వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలించి, పైన పాత నూలుగుడ్డ కప్పాలి. అప్పుడప్పుడు బయటికి తీసి గాలి తగలనివ్వాలి. తోలు మంచిదై, ఈ మాత్రం శ్రద్ధ తీసుకుంటే పెట్టిన డబ్బుకు ఏళ్ల తరబడి పనికి వస్తుంది.