ప్రోగ్రాం మనదే, మరి కాగితం ఏదీ?



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందు కవిత రాద్దామనుకున్నాను. కానీ నేను చేసిన ఒక పొరపాటు గురించి చెబితే కంప్యూటర్ చదువులు చదువుతున్న మీకు ఎక్కువ ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఎం.సి.ఎ. మొదటి సంవత్సరంలో ఒక ఎరువుల దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను. రెండు నెలల కష్టానికి ఎనిమిది వేలు ఇచ్చారు. అడిగారు కదా అని సోర్స్ కోడ్ కూడా పెన్ డ్రైవ్‌లో ఇచ్చేశాను. ఆరు నెలల తర్వాత అదే ప్రోగ్రాం పేరు మార్చుకుని మరో మూడు దుకాణాల్లో కనిపించింది. వెళ్లి అడిగితే, "డబ్బులిచ్చి కొన్నాం కదా బాబూ, ఇక నీదేముంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, కాగితమూ లేదు.

మా నాన్న కూలిపని చేస్తాడు. అప్పు పత్రంలో ఏముందో తెలియక వేలిముద్ర వేసి ఏళ్ల తరబడి వడ్డీ కట్టాడు. అందుకే నన్ను చదివించాడు. చదువుకున్న నేను అసలు కాగితమే రాసుకోలేదు.

హక్కు ఎవరిది?

1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచనగా పరిగణిస్తుంది. కథ రాసినవారికి కథ మీద ఉన్నట్టే ప్రోగ్రాం రాసినవారికి దాని మీద హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే ఉద్యోగంలో భాగంగా రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి చెందుతుంది. నేను ఉద్యోగిని కాను కనుక హక్కు నాదే. ఆ హక్కును పూర్తిగా బదిలీ చేయాలంటే సంతకంతో కూడిన రాతపూర్వక పత్రం ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే బదిలీ ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. ఇదంతా నాకు ఆలస్యంగా తెలిసింది. హక్కు ఉన్నా, ఏ షరతుల మీద ఇచ్చానో రుజువు చేయడం కష్టమైంది.

కాబట్టి ఒక్క పేజీ అయినా రాసుకోండి: వాడుకోవడానికి అనుమతి ఇస్తున్నామా, హక్కే అమ్ముతున్నామా? ఎన్ని కంప్యూటర్లకు? సోర్స్ కోడ్ ఇస్తామా? మొత్తం ఎంత, ఎప్పుడు చెల్లించాలి? రిపేర్లు ఎన్నాళ్లు ఉచితం? ఇద్దరూ సంతకాలు చేసి చెరొక కాపీ ఉంచుకోవాలి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే కోడ్ కలిపితే దాని లైసెన్స్ కూడా చదవండి. జి.పి.ఎల్. లైసెన్స్ ఉన్న కోడ్‌తో కట్టిన ప్రోగ్రాంను ఇతరులకు ఇస్తే, వారికి సోర్స్ కోడ్ కూడా అందుబాటులో ఉంచాలి.

పన్నుల సంగతి

జి.ఎస్.టి. అనగానే భయపడనవసరం లేదు. సాఫ్ట్‌వేర్ రాసివ్వడం సేవ కిందకు వస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే సాధారణంగా రిజిస్ట్రేషన్ అవసరం. వేరే రాష్ట్రం వారికి పని చేసినా ఈ పరిమితి వర్తిస్తుంది. రిజిస్టర్ అయ్యాక బిల్లుపై 18 శాతం వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలి. రిజిస్ట్రేషన్ లేకుండా జి.ఎస్.టి. పేరుతో వసూలు చేయడం నేరం.

ఆదాయపు పన్ను వేరు. దానికి పాన్ కార్డు ఉండాలి. 2025-26 ఆర్థిక సంవత్సరం నుండి కొత్త విధానంలో 12 లక్షల లోపు మామూలు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. ఐ.టి. వృత్తిలో ఉన్నవారు వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపే సులభ పద్ధతి కూడా ఉంది. కంపెనీలు మనకిచ్చే సొమ్ములో కొంత టి.డి.ఎస్.గా కోస్తాయి. పన్ను పడకపోయినా, రిటర్న్ వేస్తేనే ఆ డబ్బు తిరిగి వస్తుంది. అందుకే బిల్లులకు వరుస నంబర్లు వేసి, డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. పెద్ద మొత్తాలు వచ్చినప్పుడు ఆడిటర్ సలహా తీసుకోండి.

మొన్న ఒక మందుల దుకాణానికి ప్రోగ్రాం ఇచ్చాను. ఈసారి ముందే ఒప్పందం రాశాను. ఇంటికెళ్లి ఆ కాగితం నాన్నకు మొదటి నుండి చివరి దాకా చదివి వినిపించాను. అంతా విని, "సంతకం ఎక్కడ పెట్టావు, చూపించు" అన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కోడ్ రాసే ముందు కాగితం రాయండి.