ఊతకర్రకు ఊత

మా మామయ్య రిటైరయ్యాక చేతికర్రలు చెక్కడం మొదలుపెట్టాడు. చింత, వేప, వెదురు... ఆరేళ్లలో ఏడు కర్రలయ్యాయి. అన్నీ తలుపు మూలన గోడకు చేరవేసి ఉండేవి. పాత ఇంట్లో గరుకు కడప బండల మీద ఏ గొడవా లేదు. నున్నటి టైల్స్ వేయించిన నెలలోనే అర్ధరాత్రి ఠపీమని ఒక్కొక్కటే పడటం మొదలైంది. గోడకు చేరవేసిన కర్ర కింది కొన జారకుండా ఆపేది పొన్నుకూ నేలకూ మధ్య ఉండే రాపిడే. ఇత్తడి పొన్నుకు టైలు మీద ఆ పట్టు చిక్కదు.

"వీటికో ఇల్లు కట్టాలిరా" అన్నాడు మామయ్య.

కర్రలు దాచుకునే అవసరం చాలా పాతది. 1922లో హోవార్డ్ కార్టర్ బృందం కనిపెట్టిన టుటన్‌ఖామున్ సమాధిలో దాదాపు 130 చేతికర్రలు దొరికాయి. ఈజిప్టులో కర్ర హోదాకు గుర్తు. అక్కడ కొన్నిటిని పొడవాటి పెట్టెలో పడుకోబెట్టారు. నిలబెట్టే స్టాండుకు గిరాకీ తెచ్చింది 19వ శతాబ్దపు ఇంగ్లండు. పెద్దమనిషి బయల్దేరితే చేతిలో కర్రో గొడుగో ఉండాల్సిందే. 1852లో శామ్యూల్ ఫాక్స్ గొడుగుకు తేలికపాటి ఉక్కు ఊచలు పెట్టాక అది కూడా సన్నగా, కర్రలా చుట్టుకుంది. రెండూ గుమ్మం లోపల ఒకే స్టాండులో చేరాయి: పైన గడుల చట్రం, అడుగున పోత ఇనుప పళ్లెం. పళ్లెం పెట్టింది గొడుగు నీళ్లు పట్టడానికి. దాని బరువు మాత్రం స్టాండు బోర్లాపడకుండా కాపాడింది.

ఆ రెండో సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. మేం మొదట చేసిన స్టాండు అడుగు పలక వెడల్పు 24 సెంటీమీటర్లు. చేతికర్రలు తలబరువు సరుకు, పిళ్లన్నీ పైనే. ఏడూ పెట్టాక మొత్తం గరిమనాభి నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత అడుగు పలక అంచు దాటిందంటే వస్తువు పడిపోతుంది. అంచు 12 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది కనుక 15 డిగ్రీలు ఒరిగితే చాలు, అంతా నేలపాలు. చీపురు తగిలినా చాలు.

పలకను 36 సెంటీమీటర్లకు పెంచాం. కలప కూడా మార్చాం. కొండపల్లి బొమ్మలు చేసే పొనికి బెండులా తేలిక, అడుక్కి పనికిరాదు. టేకు ఘనమీటరు సుమారు 650 కిలోలుంటే తుమ్మ 800 దాకా తూగుతుంది. పైపలకకు టేకు ఉంచి, అడుక్కి మందపాటి తుమ్మ వేశాం. గరిమనాభి 36 సెంటీమీటర్లకు దిగింది. ఇప్పుడు పడాలంటే 27 డిగ్రీలు వంగాలి.

అసలు పాఠం వానాకాలంలో వచ్చింది. మామయ్య ఒక్కో కర్ర లావు కొలిచి, సరిగ్గా అంతే బెజ్జం వేశాడు. చూడముచ్చటగా ఉంది. శ్రావణం వచ్చేసరికి వేపకర్ర బిగుసుకుపోయింది. పట్టి లాగితే స్టాండు మొత్తం లేచొచ్చింది.

కర్రను దగ్గరగా చూస్తే సన్నటి గొట్టాల కట్ట. గాలిలో తేమ పెరిగితే గొట్టాల గోడలు నీరు పీల్చి లావెక్కుతాయి, పొడుగు మాత్రం దాదాపు పెరగవు. పచ్చికర్ర పూర్తిగా ఆరేలోపు పొడవునా నూటికి 0.1 నుంచి 0.2 వంతులే కుంచించుకుంటుంది. అడ్డంగా అయితే చాలా జాతుల్లో 5 నుంచి 10 వంతుల దాకా. తేమకు తిరిగి ఉబ్బేదీ ఆ అడ్డం వైపే. బెజ్జం పలకలో ఉంది కనుక అదీ పలక నారకు అడ్డంగానే సాగి, కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అందులో నిలబడ్డ కర్ర మాత్రం చుట్టూ ఉబ్బుతుంది. నార వెంబడి బెజ్జం సాగదు, కర్ర ఊరుకోదు. 30 మిల్లీమీటర్ల కర్ర 0.3 మిల్లీమీటర్లు లావైనా చాలు, సందు మూసుకుపోతుంది.

మామయ్య మళ్లీ బరమా పట్టి ప్రతి బెజ్జాన్నీ 6 మిల్లీమీటర్లు పెద్దది చేశాడు. కింద పలకలో సెంటీమీటరు లోతు గుంటలు తొలిచి, తడి నిలవకుండా ఒక్కో గుంటకు చిన్న రంధ్రం పెట్టాడు.

స్టాండుతో ఇంకో మేలూ ఉంది. ఏటవాలుగా ఆనించిన కర్ర తన బరువుకు తానే వంగుతుంది. ఆ వంపు నెలల తరబడి ఉంటే, అందులోనూ తేమ పెరుగుతూ తగ్గుతూ ఉంటే, కొంత శాశ్వతమవుతుంది. మూలన రెండేళ్లున్న మా వెదురుకర్ర విల్లయింది అందుకే. స్టాండులో నిట్టనిలువుగా ఉంటే బరువు కర్ర పొడవునా దిగుతుంది, వంచడానికి ఏమీ మిగలదు.

మీరూ చేయదలిస్తే ముందు మీ కర్రల్లో అన్నిటికన్నా లావైన దాన్ని, దాని పొన్నునూ కొలిచి, ఆపైన 6 మిల్లీమీటర్లు వదలండి. ఇంట్లో ఎవరైనా కర్ర ఊతంతో నడిచేవాళ్లుంటే గుమ్మం వైపు చివరి బెజ్జం వాళ్లకివ్వండి, వంగకుండా అందాలి. మామయ్య కర్రల్లో ఆరు చూడటానికే. ఏడోదాని బెజ్జం రోజూ పొద్దున ఆరింటి నుంచి ఏడింటి దాకా ఖాళీగా ఉంటుంది.