వేలిముద్ర వేయుటకు ముందు

సంతలో ఎద్దును కొనబోవు రైతు తొందరపడడు. పండ్లు చూచును, నడిపించి చూచును, కాడి కట్టి చూచును. అమ్మువాడు ఎవరో, ఏ యూరివాడో విచారించును. బేరము కుదిరిన పిమ్మట నలుగురి ఎదుట రొక్కము చెల్లించును. అట్లే చదువురాని వృద్ధులు సైతము ప్రోనోటుపై వేలిముద్ర వేయుటకు ముందు, అందులో ఏమి వ్రాసియున్నదో నమ్మకమైన మనిషిచేత చదివించుకొందురు. ఖాళీ కాగితముపై వేలిముద్ర వేయరాదన్నది మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న బుద్ధి.

నేడు ఎద్దుల సంత ప్రక్కనే ఫోనుల దుకాణము వెలసినది. ప్రోనోటు స్థానమున వ్రేలు ఆనించు చిన్న యంత్రము వచ్చినది. వస్తువులు మారినవి గాని, బుద్ధి మారవలసిన పని లేదు. వృద్ధాప్య పింఛను, రేషను బియ్యము, ఉపాధి హామీ కూలి, పంట సొమ్ము మున్నగునవన్నియు నేడు ఫోను, బ్యాంకు ఖాతా, ఆధార్‌లతో ముడిపడియున్నవి. ఈ సౌకర్యముల వలన గ్రామీణులకు కలిగిన మేలు చిన్నది కాదు. పూర్వము మండల కేంద్రమునకు పోయి, బ్యాంకు వరుసలో నిలిచి, సాయంకాలమునకు ఇల్లు చేరుచుండిన ముదుసలి నేడు తన ఊరిలోనే సొమ్ము తీసికొనగలుగుచున్నది. కావున వీనిని వలదని మేము చెప్పుట లేదు. ఎద్దును చూచినట్లు చూచి పుచ్చుకొనుడని మాత్రమే చెప్పుచున్నాము.

ఏ వస్తువు కొనునపుడైనను, ఏ యంత్రముపై వ్రేలు పెట్టునపుడైనను మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. మననుండి ఏమి అడుగుచున్నారు? ఎందులకు అడుగుచున్నారు? ఇచ్చినది ఎచ్చటికి పోవును? ఈ మూడింటికి సరియైన సమాధానము లభింపని పక్షమున, అది ఖాళీ కాగితమేయని యెరుంగవలెను.

పెద్దపల్లి జిల్లాలో జరిగిన సంగతి

భూమి అమ్మకపు దస్తావేజులపై వేలిముద్రలు వేయుట మనకు తెలిసినదే. 2018వ సంవత్సరములో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్ము ఒక వ్యాపారి అట్టి దస్తావేజుల ప్రతులను ప్రభుత్వ వెబ్‌సైటు నుండి సంగ్రహించి, అందలి వేలిముద్రలను బట్టి రబ్బరు ముద్రలు తయారుచేసి, వానితో ఇతరుల పేర వేలకొలది సిమ్ కార్డులను తీసినట్లు పోలీసులు వెల్లడించిరి. అమ్మకముల లక్ష్యమును చూపించుటకై అతడీ పని చేసెనని తేలినది. దస్తావేజుపై ముద్ర వేసిన రైతులకు ఈ విషయమే తెలియదు. ఇట్టి నకిలీ ముద్రలతో బ్యాంకు ఖాతాల నుండి సొమ్ము కాజేసిన ఉదంతములు తరువాతి కాలమున పలు రాష్ట్రములలో బయటపడినవి.

ఇందులో గమనింపదగిన విషయ మొకటి కలదు. తాళము చెవి పోయినచో తాళము మార్చుకొందుము. రహస్య సంఖ్య ఇతరులకు తెలిసినచో క్రొత్త సంఖ్య పెట్టుకొందుము. వ్రేలిని మాత్రము మార్చుకొనలేము. కావుననే వేలిముద్రను సొమ్ముకంటె జాగ్రత్తగా కాపాడుకొనవలెను.

ఫోను కొనునపుడు

మొట్టమొదట అవసరమును నిర్ణయించుకొనవలెను. మాటలాడుటకు మాత్రమే కావలసిన వృద్ధులకు మీటలు గల చిన్న ఫోను చాలును. అది తక్కువ వెలకు వచ్చును. ఒక పర్యాయము ఛార్జి చేసిన చాలదినములు నిలుచును. అందులో మోసగాండ్ర యాప్‌లు చొరబడు భయము తక్కువ. పిల్లల చదువునకు, ధరలు తెలిసికొనుటకు, సొమ్ము చెల్లింపులకు స్మార్ట్‌ఫోను కావలసినచో, కంపెనీవారు దానికి ఎన్ని సంవత్సరములు రక్షణకు సంబంధించిన మార్పులు, అనగా అప్‌డేట్లు, పంపుదురో అడిగి తెలిసికొనవలెను. అవి ఆగిపోయిన ఫోను తుప్పుపట్టిన తాళము వంటిది.

ప్రతి ఫోనునకు 15 అంకెల గుర్తింపు సంఖ్య ఒకటి యుండును. దానిని ఐ.ఎం.ఇ.ఐ. అందురు. ఫోనులో *#06# అని నొక్కినచో ఆ సంఖ్య కనబడును. అది పెట్టెపైనను, రసీదుపైనను ఉన్న సంఖ్యతో సరిపోవలెను. పాత ఫోను కొనువారు ఈ సంఖ్యను తప్పక పరీక్షించుకొనవలెను. కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖవారు 2023 మే నెలలో ప్రారంభించిన సంచార్ సాథీ అను వెబ్‌సైటులో ఈ సౌకర్యము కలదు. పోయిన ఫోను పనిచేయకుండ ఆపివేయించుటకును, మన పేర ఎన్ని సిమ్ కార్డులున్నవో తెలిసికొనుటకును అందే వీలున్నది. మనము కొనని కార్డు మన పేర కనబడినచో అచ్చటనే ఫిర్యాదు చేయవచ్చును.

ఛార్జరును విడిగా కొనునపుడు దానిపై భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తును, రిజిస్ట్రేషను సంఖ్యను చూడవలెను. గుర్తు లేని ఛార్జరు చవుకగా వచ్చును గాని, అది వేడెక్కి నిప్పు రగిలినచో నష్టము ఇల్లంతటికి.

రసీదు లేని కొనుగోలు సాక్షి లేని బేరము వంటిది. 1986 నాటి చట్టము స్థానమున చేయబడిన 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. రసీదు ఇయ్యకుండుట ఈ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి. కొనుగోలుదారు నమ్మి చెప్పిన సొంత వివరములను, చట్టము అనుమతింపని రీతిగా ఇతరులకు అందజేయుటయు అట్టిదే. రసీదు కొరకు ఫోను నంబరు చెప్పి తీరవలెనని దుకాణదారులు పట్టుపట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023 మే నెలలో సూచించినది. కావున నంబరు అడిగినపుడు “ఎందులకు?” అని మర్యాదగా ప్రశ్నించుటకు సంకోచింప నక్కరలేదు.

అప్పు ఇచ్చు యాప్‌లు

పూర్వము వడ్డీ వ్యాపారి పొలము కాగితములను తాకట్టు పెట్టుకొనుచుండెను. నేడు కొన్ని అప్పు యాప్‌లు మన పరువునే తాకట్టు పెట్టుకొనుచున్నవి. యాప్‌ను ఫోనులో చేర్చుకొనునపుడు అది కొన్ని అనుమతులు కోరును. చదువకయే “సరే” అని నొక్కినచో, ఫోనులోని బంధుమిత్రుల నంబర్లును, ఫోటోలును అప్పిచ్చువాని చేతికి పోవును. వాయిదా ఒక దినము ఆలస్యమైనచో వియ్యంకునకును, గ్రామ పెద్దలకును ఫోనుచేసి అవమానింతురు. 2020వ సంవత్సరాంతమున తెలంగాణలో ఇట్టి వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిన విషాదము మనకు తెలియనిది కాదు.

అప్పు యాప్‌లు ఫోనులోని నంబర్ల పట్టికను, ఫోటోలను చూడరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధన విధించినది. వడ్డీ, రుసుములు, గడువు తెలుపు ముఖ్యాంశముల పత్రమును ముందుగా ఈయవలెననియు ఆదేశించినది. కావున అప్పు యాప్ నంబర్ల పట్టికను కోరిన క్షణముననే అది నియమములకు వెలుపలిదని గ్రహించి తొలగింపవలెను. ఇతర యాప్‌ల విషయమునను ఈ విచారణ అవసరము. దీపము వెలిగించు యాప్‌నకు మన మేనమామ ఫోను నంబరుతో పనియేమి? ఈ ప్రశ్న వేసికొనుటకు పెద్ద చదువు అక్కరలేదు.

సొమ్ము విషయమున

యు.పి.ఐ. ద్వారా సొమ్ము పంపునపుడు రహస్య సంఖ్య, అనగా పిన్, నొక్కవలసియుండును. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అవసరము లేదు. “మీకు సొమ్ము వచ్చినది, పిన్ నొక్కుడు” అని ఎవరైనను చెప్పినచో అది మోసమే. ఫోనునకు వచ్చు ఓ.టి.పి. సంఖ్యను బ్యాంకువారు గాని, ప్రభుత్వోద్యోగులు గాని ఫోను చేసి అడుగరు.

వ్రేలు ఆనించి సొమ్ము తీయుచోట మరియొక జాగ్రత్త కావలెను. ముద్ర పడలేదని చెప్పి రెండవ పర్యాయము వ్రేలు పెట్టించిన పక్షమున, మొదటి ప్రయత్నము విఫలమైనట్లు చూపు చీటీని అడిగి తీసికొనవలెను. యంత్రము తెరపై ఎంత మొత్తము వ్రాసియున్నదో చూచిన పిమ్మటనే వ్రేలు పెట్టవలెను. చదువురానివారు తోడుగా చదువరి నొకరిని తీసికొనిపోవుట మేలు. ఇది ప్రోనోటు చదివించుకొనుట వంటిదే.

వేలిముద్రను తాత్కాలికముగా తాళము వేయు ఏర్పాటు కూడ ఆధార్ సంస్థ కల్పించినది. తాళము వేసినపుడు ఆ ముద్రతో ఎవరును సొమ్ము తీయజాలరు. వ్రేలు ఆనించి సొమ్ము తీయు అలవాటు లేనివారికి ఇది మంచి రక్షణ. కాని, నెలనెల పింఛనునకు, రేషనునకు వేలిముద్ర వేయువారు తాళము వేసినచో, తిరిగి తెరచువరకు ఆ ముద్ర అచ్చటను చెల్లదు. ఇంటింటి అవసరమును బట్టి నిర్ణయించుకొనవలెను. వివరములకు 1947 నంబరునకు ఫోను చేయవచ్చును.

హక్కు ఉన్నది, వాడుకొనవలెను

వ్యక్తిగత గోప్యత రాజ్యాంగము 21వ అధికరణము క్రింద ప్రాథమిక హక్కుయని సుప్రీముకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ప్రభుత్వ సహాయము పొందుచోట చట్టము ప్రకారము ఆధార్ అడుగవచ్చును. అంతమాత్రమున ప్రతి దుకాణదారునకు, ప్రతి యాప్‌నకు ఆధార్ ప్రతి ఈయవలసిన పని లేదు. ఈయక తప్పని చోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు ప్రతిని ఈయవచ్చును. ఇచ్చిన నకలుపై ఏ పనికొరకు ఇచ్చితిమో వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయుట మంచి అలవాటు. వ్యక్తుల వివరములను సేకరించువారి బాధ్యతలను నిర్ణయించు చట్టము 2023 ఆగస్టులో చేయబడినది.

పంచాయతీ సభ్యులకు విజ్ఞప్తి

ఇంతవరకు చెప్పినది ప్రతి గృహస్థునకు సంబంధించినది. మీకు మరియొక బాధ్యత కలదు. గ్రామస్థులు తమ వివరములను ఎక్కువగా ఇచ్చునది మీ కార్యాలయమునకే. లబ్ధిదారుల జాబితాను గోడపై అంటించుట మంచి సంప్రదాయము. అర్హులెవరో, అనర్హులెవరో ఊరందరికి తెలియును. కాని పేరు ప్రక్కన ఆధార్ సంఖ్యను, బ్యాంకు ఖాతా సంఖ్యను వ్రాయరాదు. ఆధార్ సంఖ్యలను బహిరంగముగా ప్రదర్శించుట చట్టవిరుద్ధము. పని ముగిసిన దరఖాస్తుల నకళ్లను నియమానుసారము భద్రపరుపవలెను, లేదా చించివేయవలెను. అవి తూకమునకు పోయి, సంతలో శనగల పొట్లములుగా తిరిగివచ్చినచో అపరాధము దుకాణదారునిది కాదు, మనదే.

మోసము జరిగినచో సిగ్గుపడి దాచుకొనుట వలన మోసగానికే లాభము. సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకునకు తెలియజేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును మధ్యలో నిలుపుటకు అంత అవకాశముండును. వస్తువు విషయములో నష్టపోయినవారు 1915 నంబరును పిలువవచ్చును. అంతటితో పరిష్కారము కానిచో, రెండు సంవత్సరములలోగా జిల్లా వినియోగదారుల కమీషనునకు ఫిర్యాదు చేసికొనవచ్చును. 5 లక్షల రూపాయల వరకు విలువగల కొనుగోళ్లకు ఫిర్యాదు రుసుము లేదు. అంగడి ఎచ్చట ఉన్నను, ఫిర్యాదుదారు నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును.

ఈ నంబర్లను పెద్ద అక్షరములతో పంచాయతీ కార్యాలయము గోడపై వ్రాయింపుడు. రాబోవు గ్రామసభలో ఒక అరగంట ఈ విషయమునకు కేటాయింపుడు. చదువుకొన్న యువతీయువకులను ముందుకు పిలిచి, పింఛనుదారులకు చీటీ చదివి చెప్పు పనిని వారికి అప్పగింపుడు. ఇందుకు ప్రత్యేక నిధులు అక్కరలేదు. కొంచెము శ్రద్ధ చాలును.

ఖాళీ కాగితముపై వేలిముద్ర వేయరాదని మన పెద్దలు మనకు నేర్పిరి. ఆ మాటనే నేటి యంత్రముల విషయమున మన పిల్లలకును, మన పెద్దలకును తిరిగి చెప్పుట మన వంతు.