పాత విమానానికి మాట వచ్చింది

విమానం అనగానే మీకు వందలమందిని మోసుకుపోయే పెద్ద జెట్ విమానం జ్ఞాపకం వస్తుంది. అందులో పైలట్ ముందు లెక్కలేనన్ని దీపాలూ, ముళ్ళూ, మీటలూ ఉంటాయి. కాని, ఎలక్ట్రిక్ దీపం ఒక్కటైనా లేని విమానాలు కూడా ఉన్నాయంటే మీరు నమ్ముతారా? అవి ఈనాటికీ ఆకాశంలో ఎగురుతూనే ఉన్నాయి.

అటువంటి వాటిలో పేరుపడినది పైపర్ కబ్. దీనిని అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాక్ హేవెన్ అనే ఊళ్ళో 1938 నుంచి 1947 వరకు తయారుచేశారు. ఇంచుమించు 20,000 విమానాలు తయారయినాయి. ఉక్కు గొట్టాలను అతికి చేసిన చట్రం, దానిమీద బిగించిన గుడ్డ, ఆ గుడ్డమీద పసుపు రంగు. ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. ఇంజనుకు 65 గుర్రాల బలం. పెట్రోలు ఎంత ఉన్నదో చెప్పటానికి మీటరు లేదు. టాంకులో ఒక బెండు తేలుతూ ఉంటుంది. దానికి గుచ్చిన తీగ మూతలోనుంచి పైకి పొడుచుకువచ్చి పైలట్‌కు కనిపిస్తుంది. తీగ కిందికి దిగుతున్నదంటే పెట్రోలు తరిగిపోతున్నదన్నమాట!

ఈ విమానానికి బాటరీ లేదు, డైనమో లేదు. ఒక మనిషి ఎదురుగా నిలబడి ప్రొపెల్లరును చేత్తో తిప్పితే ఇంజను అందుకుంటుంది. మరి బాటరీ లేనిదే ఇంజనులో నిప్పురవ్వ ఎలా పుడుతుంది? మాగ్నెటో అనే చిన్న యంత్రం ఇంజనుతోపాటు తిరుగుతూ, అయస్కాంతం సహాయంతో ఆ రవ్వకు కావలసిన విద్యుత్తును తానే పుట్టిస్తుంది. రేడియోకు ఇవ్వటానికి దాని దగ్గర ఏమీ ఉండదు.

అయితే రేడియో లేకుండా ఎగరటం ఎలా? అందుకు ఒక ఉపాయం ఉన్నది. విమానాశ్రయంలో కంట్రోల్ టవరు నుంచి రంగుదీపం చూపుతారు. ఎగిరేవాడికి ఆకుపచ్చదీపం నిలకడగా కనిపిస్తే, “దిగవచ్చు” అని అర్థం. ఎర్రదీపం నిలకడగా కనిపిస్తే, “ఇతరులకు దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండు” అని అర్థం. ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే, “ఇక్కడ దిగటం ప్రమాదం, దిగవద్దు” అని అర్థం. ఈ సంజ్ఞలు నేటికీ అమలులో ఉన్నాయి.

కాని చాలా చిన్న విమానాశ్రయాలలో టవరే ఉండదు. అక్కడ పైలట్లు, “నేను ఫలానా చోట ఉన్నాను, దిగబోతున్నాను” అని రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇది ఎంత అవసరమో చూడండి. కబ్ రెక్క పైలట్ తలపైన ఉంటుంది. అందుచేత అతనికి పైన ఉన్నది కనిపించదు. కొన్ని విమానాలకు రెక్క పైలట్ సీటుకన్న కిందుగా ఉంటుంది. అందులో కూర్చున్నవాడికి కింద ఉన్నది కనిపించదు. కబ్ దిగుతూండగా అటువంటి విమానం దాని పైగా, అదే రన్‌వే మీదికి దిగుతున్నదనుకోండి. ఇద్దరికీ కళ్ళున్నాయి. అయినా ఒకరికొకరు కనపడరు! అటువంటప్పుడు ఒక్క మాట చెవిన పడితే ఇద్దరి ప్రాణాలూ దక్కుతాయి. అందుకే పాత విమానాలు గలవారు వాటికి రేడియో సంపాదిస్తున్నారు. అయితే ఏ రేడియో? మనం కూడా ఎంచి చూద్దాం.

మొదట తరంగాల సంగతి. విమానాల సంభాషణకు 118 నుంచి 137 మెగాహెర్ట్జుల వరకు గల తరంగాలను కేటాయించారు. వీటిలో ఇప్పటికీ ఎ.యం. పద్ధతినే వాడుతున్నారు. ఎఫ్.యం.లో మాట ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది కద, అది ఎందుకు వాడరని మీరు అడగవచ్చు. ఎఫ్.యం.లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే, బలమైన గొంతు రెండవదానిని పూర్తిగా మింగేస్తుంది. రెండవవాడు ఉన్నట్టే తెలియదు. ఎ.యం.లో అయితే రెండూ కలిసి కూతలాగా వినిపిస్తాయి. మాట అర్థం కాకపోయినా, మరొకడు ఉన్నాడని తెలుస్తుంది. ఆకాశంలో ఆ సంగతి తెలియటమే ముఖ్యం.

ఎగిరే దేశాన్ని కూడా చూసుకోవాలి. అమెరికాలో ఒక చానెల్‌కూ మరొకదానికీ మధ్య 25 కిలోహెర్ట్జుల ఎడం ఉంటుంది. యూరప్‌లో విమానాల రద్దీ ఎక్కువై చానెళ్ళు చాలక, ఒక్కొక్కదానిని మూడు చేశారు. అక్కడ 2018 నుంచి చాలా చోట్ల 8.33 కిలోహెర్ట్జుల రేడియో ఉండి తీరాలి. పాతది చవకగా దొరికిందని కొంటే అక్కడ పనికిరాదు.

ఇక విద్యుత్తు. ఒక మార్గం చేతిలో పట్టే రేడియో. దాని బాటరీ దానిలోనే ఉంటుంది. విమానానికి ఒక్క రంధ్రం కూడా పెట్టనక్కరలేదు. రెండవ మార్గం పలకలో బిగించే రేడియో. ఇప్పుడు 57 మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రంలో ఇమిడేవి కూడా వస్తున్నాయి. కాని దానికి వేరే బాటరీ కావాలి. ఎంత బాటరీ? అది వినేటప్పుడు పావు ఆంపియరు, మాట్లాడేటప్పుడు 2 ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి. గంటలో 54 నిమిషాలు విని, 6 నిమిషాలు మాట్లాడితే ఎంత ఖర్చవుతుంది? వినటానికి 0.225, మాటకు 0.2, మొత్తం 0.425 ఆంపియరు-గంటలు. కబ్ ఒక టాంకు పెట్రోలుతో సుమారు 3 గంటలు ఎగురుతుంది. అంటే 1.3 కూడా కాదు. 7 ఆంపియరు-గంటల బాటరీ ఉంటే, చలికి శక్తి తగ్గినా ఇబ్బంది ఉండదు. అయితే సీసపు బాటరీ 2 కిలోలకు పైగా తూగుతుంది. మనుషులూ, పెట్రోలూ, సామానూ అంతా కలిసి కబ్ మోయగలిగినది సుమారు 200 కిలోలే. అందుచేత ప్రతి కిలోకూ లెక్క ఉన్నది.

చేతి రేడియో బలం ఒకటి రెండు వాట్లే. అది చాలుతుందా? చాలుతుంది. ఈ తరంగాలు చూపులాగా సూటిగా పోతాయి. 300 మీటర్ల ఎత్తున ఉన్న విమానానికి అడ్డులేని దారి సుమారు 70 కిలోమీటర్లు ఉంటుంది. అసలు చిక్కు బలంతో కాదు, ఏరియల్‌తో. 125 మెగాహెర్ట్జుల తరంగం పొడవు 2.4 మీటర్లు. మంచి ఏరియల్ అందులో నాలుగోవంతు, అనగా 60 సెంటీమీటర్లు ఉండాలి. చేతి రేడియోకు ఉండే పొట్టి రబ్బరు కొమ్ము, పైగా చుట్టూ ఉక్కు గొట్టాల మధ్య, సరిగా పనిచేయలేదు. ఏరియల్‌ను బయట పెట్టి, గుడ్డ లోపల దాని అడుగున లోహపు రేకు పరచాలి. లోహపు విమానానికి శరీరమే ఆ పని చేస్తుంది, గుడ్డ విమానానికి మనం ఏర్పాటు చేయాలి. ఇటువంటివి బిగించేటప్పుడు లైసెన్సు గల మెకానిక్ ఉండాలి.

మరొక శత్రువు ఇంజనులోనే ఉన్నది. ఈ ఇంజనుకు 4 సిలిండర్లు, చాలావాటిలో ఒక్కొక్కదానికి 2 స్పార్క్ ప్లగ్గులు. నిమిషానికి 2,100 చుట్లు తిరిగితే సెకనుకు 140 రవ్వలు పుడతాయి. మార్కోనీ తొలినాటి వైర్‌లెస్ వార్తలను పంపినది ఇటువంటి రవ్వలతోనే! అందుచేత ప్రతి ప్లగ్గూ ఒక బుల్లి రేడియో స్టేషనే. దాని గోల మాటలను ముంచేస్తుంది. దీనికి మందు ఏమిటంటే, ప్లగ్గులకూ వాటి తీగలకూ లోహపు తొడుగు వేసి, దానిని ఇంజనుకు కలపటం. చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోను కూడా ఉండాలి.

కనుక, ఊరి చుట్టుపక్కల ఎగిరే కబ్‌కు చేతి రేడియో, బయట మంచి ఏరియల్, తొడుగు వేసిన ప్లగ్గులు, మంచి హెడ్‌ఫోను చాలు. ఇవి లేకుండా ఎంత ఖరీదైన రేడియో కొన్నా డబ్బు దండగే.

ఇంత చేసినా ఒక్క సంగతి మరవరాదు. ఆకాశంలో ఇంకా రేడియో లేని కబ్ ఒకటి ఉండవచ్చు. దాని పైలట్ మాట మనకు వినిపించదు. అందుచేత మంచి పైలట్ చెవులకు రేడియో తగిలించుకున్నా, కళ్ళకు మాత్రం సెలవు ఇవ్వడు.