విద్యుత్ లైను లేని పొలం ఇల్లు: ఉత్తర తెలంగాణలో చలికాలపు నిర్మాణం

విద్యుత్ లైనుకు దూరంగా, పొలంలోనే ఇల్లు కట్టుకొని సౌరశక్తితో జీవించదలచిన కుటుంబానికి ఉత్తర తెలంగాణలో తొలి పరీక్ష చలికాలమే. ఆదిలాబాద్ ప్రాంతంలో కొన్ని సంవత్సరాలలో రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువకు పడిపోతుంది. పగలు మాత్రం ఎండ కాస్తుంది. కరీంనగర్ మైదానంలో చలి కొంత తక్కువ.

మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ 1940వ దశకంలో నివసించిన మార్లవాయి వంటి గోండు గూడేలలో సంప్రదాయ గోడ వెదురు తడికపై మట్టి మెత్తినది. అది గాలిని ఆపుతుంది గాని వేడిని అంతగా నిల్వ చేయదు. మందమైన మట్టిగోడ పగటి వేడిని గ్రహించి రాత్రి నెమ్మదిగా విడుదల చేస్తుంది.

చలిలో సిమెంటు గట్టిపడే చర్య మందగిస్తుంది. కనుక ఎండ ఎక్కిన తరువాతనే కాంక్రీటు పోసి, సాయంత్రం గోనెపట్టాలతో కప్పాలి. సెంట్రింగును త్వరపడి విప్పరాదు. 5 డిగ్రీలు, అంతకు దిగువన ఐఎస్ 7861 రెండవ భాగంలోని జాగ్రత్తలు వర్తిస్తాయి.

ఆదిలాబాద్ దాదాపు 19.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందున డిసెంబరు 21న మధ్యాహ్న సూర్యుడు సుమారు 47 డిగ్రీల ఎత్తుకే చేరుతాడు. అందువలన సౌరఫలకాలను దక్షిణాభిముఖంగా, అక్షాంశం కన్నా దాదాపు 15 డిగ్రీలు అధికమైన వాలులో అమర్చాలి. చలికి బ్యాటరీ సామర్థ్యం కూడా తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రాణరక్షణ. తలుపులు మూసిన గదిలో నిప్పుల కుంపటితో నిద్రిస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకమవుతుంది. పడుకొనే ముందు కుంపటిని బయట ఉంచాలని విస్తరణ శాస్త్రవేత్తలు ప్రతి కుటుంబానికీ చెప్పవలసి ఉంది.