విమానాశ్రయానికి సెలవుంటుందా?

2020 ఏప్రిల్‌లో మా నాయనమ్మ పోయింది. అన్న దుబాయిలో ఉన్నాడు. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో గల్ఫుకు మనిషిని పంపని ఇల్లు అరుదు. ఎవరైనా పోతే కనీసం దినాలకైనా కొడుకో మనవడో శంషాబాదులో దిగి వచ్చేస్తాడు. అన్న రాలేదు. వద్దామంటే విమానమే లేదు. విదేశాల నుంచి వచ్చే ప్రయాణికుల విమానాలను మార్చి 22 నుంచీ, దేశంలో తిరిగేవాటిని మార్చి 24 అర్ధరాత్రి నుంచీ ప్రభుత్వం ఆపేసింది. వాడు ఫోన్లోనే దణ్ణం పెట్టుకున్నాడు.

మా కాలేజీకి వేసినట్టే శంషాబాదుకు కూడా తాళం వేసి ఉంటారనుకున్నాను అప్పట్లో. తర్వాత చదివి తెలుసుకున్నదేమిటంటే, విమానాశ్రయానికి సెలవన్నది లేదు.

విమానాశ్రయం జోరు చెప్పే లెక్కలు రెండు. ఎంతమంది ఎక్కి దిగారన్నది ఒకటి, విమానాలు ఎన్నిసార్లు లేచి వాలాయన్నది రెండోది. మామూలు రోజుల్లో రెండూ జోడెద్దుల్లా కలిసి నడుస్తాయి. మహమ్మారి వాటిని విడదీసింది. 2019లో ప్రపంచం మొత్తం మీద సుమారు 450 కోట్లున్న ప్రయాణికుల లెక్క 2020లో 180 కోట్లకు దిగింది, అంటే 60 శాతం తగ్గింది. సీట్లు మాత్రం సగమే తగ్గాయి. మిగిలిన తేడా అంతా ఖాళీ సీట్లు! ఐరోపాలో అయితే ఇంకో చోద్యం. తమకు కేటాయించిన వేళల్లో 80 శాతమైనా వాడుకోకపోతే మరుసటి ఏడు వాటిని పోగొట్టుకోవాలని అక్కడ నియమం. ఆ భయంతో మొదట్లో దాదాపు ఖాళీ విమానాలనే తిప్పారు. 2020 మార్చిలో ఆ నియమాన్ని పక్కన పెట్టాకే ఆ తంతు ఆగింది.

ఇక సరుకుల సంగతి. విమానాల్లో పోయే సరుకులో సుమారు సగం ప్రయాణికుల విమానాల కడుపులోనే పోతుంది. అవి ఆగేసరికి, మందులూ మాస్కులూ అత్యవసరమైన సమయంలోనే వాటిని మోసే చోటు కరువైంది. కిరాయిలు పెరిగాయి. మనుషులు కూర్చునే సీట్లలో పెట్టెలు కట్టి పంపారు. 2021 జనవరి 12న పుణె నుంచి టీకాలు శంషాబాదుకూ గన్నవరానికీ వచ్చింది కూడా విమానాల్లోనే.

మరి ఆగిపోయిన విమానాలు? వాటిని నిలపడానికే చోటు చాలక ఫ్రాంక్‌ఫర్టులో ఒక రన్‌వేనే పార్కింగు చేశారు. నిలబెట్టి ఊరుకుంటే కుదరదు. వేసవి సెలవులకు సైకిలు మూలన పడేసి వచ్చినవాడికి టైర్ల గతి చెప్పనక్కర్లేదు కదా. విమానం చక్రాలనూ అప్పుడప్పుడు తిప్పాలి, ఇంజన్లకు మూతలు వేయాలి. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది పిటాట్ గొట్టం. ఎదురుగాలి ఒత్తిడిని బట్టి విమానం వేగం చెప్పే సన్నని గొట్టం అది. అందులో పురుగు గూడు కడితే వేగం తప్పు చూపిస్తుంది. నిల్వలోంచి తీసిన విమానాల్లో ఇలా జరుగుతోందని ఐరోపా భద్రతా సంస్థ 2020లోనే హెచ్చరించింది. పైలట్ల బాధ మరొకటి. 90 రోజుల్లో కనీసం మూడుసార్లు లేపి, మూడుసార్లు దింపి ఉంటేగాని ప్రయాణికులను ఎక్కించుకోవడానికి వీల్లేదు. విమానం లేనివాడు సిమ్యులేటరు దగ్గర వరస కట్టాల్సిందే.

వాతావరణ శాఖల వాళ్ళకూ దెబ్బ తగిలింది. ఎగిరే విమానాలు దారిపొడుగునా గాలినీ, ఉష్ణోగ్రతనూ కొలిచి పంపుతుంటాయి. ఆ కొలతలు 75 నుంచి 80 శాతం దాకా తగ్గిపోయాయి.

తిరిగి మొదలుపెట్టడం స్విచ్చి వేసినంత తేలికేం కాలేదు. దేశీయ విమానాలు 2020 మే 25న, మామూలులో మూడోవంతుతో మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో మర్నాడు. ఆ వంతు పెరుగుతూ, రెండో అలకు మళ్ళీ తగ్గుతూ, నూరు శాతానికి చేరేసరికి 2021 అక్టోబరు 18 వచ్చింది. విదేశీ సర్వీసులు మామూలు పద్ధతికి వచ్చింది 2022 మార్చి 27న.

అన్న అంతదాకా ఆగలేదు. జూన్‌లో వందే భారత్ మిషన్ విమానంలో సీటు దొరికింది. ఏడు రోజులు క్వారంటైన్లో ఉండి, ఇంటికొచ్చి నాయనమ్మ మంచం దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. శంషాబాదులో దిగుతుంటే కిటికీలోంచి చూశాడట, ఇంజన్లకు మూతలు బిగించి వరసగా నిలబెట్టిన విమానాలను.

"గిన్ని విమానాలు ఉత్తగనే నిలవడ్డయారా ఇక్కడ?" అన్నాడు.

ఉత్తగ కాదని వాడికి అప్పుడు చెప్పలేకపోయాను.